నాన్న కేక

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన ఆ తొలి రోజుల్లో భిలాయిలోని మా ఇంట్లో రెండు భాషలు కాపురం చేసేవి. నాన్న తెలుగులో తిట్టేవారు, నేను హిందీలో ఏడ్చేదాన్ని. శ్రీకాకుళం వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన మనిషి ఆయన. నేనేమో రిసాలి క్వార్టర్లో పుట్టి, తెలుగు అక్షరం ఒక్కటీ రాకుండానే తొమ్మిదో తరగతికి వచ్చేశాను. ఆ ఏడాదే నాన్న ముందుగా రిటైరైపోయే వీఆర్ఎస్‌కి సంతకం పెట్టారు (ఆ మాటని మా ఇంట్లో ఎవరో పోయినట్టు గొంతు తగ్గించి పలికేవారు). వేసవికల్లా క్వార్టరు ఖాళీ చేసి ఊరెళ్లిపోవాలి. "తెలుగు బళ్లో దీన్ని ఏ కిలాసులో కూకోబెడతారే?" అని నాన్న రోజూ అమ్మని అడిగేవారు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండిపోయేది.

ఇక మిగిలిన దారి రాయపూర్‌లోని ఆడపిల్లల స్పోర్ట్స్ హాస్టల్ ఒక్కటే. దూరపు పరుగులో మొదట వస్తే సీటు, తిండి, నాకు వచ్చిన హిందీలోనే చదువు. నందిని గనుల నుంచి సున్నపురాయి మోసుకొచ్చే రైలు పట్టాల పక్కన ఒక తారు బాట ఉండేది. నైట్ షిఫ్ట్ దిగిన నాన్న నిద్రకళ్లతో వెనక సైకిలు తొక్కుతుంటే, నేను ముందు ఆ బాటంతా పరిగెత్తేదాన్ని. "మడమలు ఈడ్చకే" అనడమే తప్ప, ఆయన నోట ఒక్క మెచ్చుకోలు కూడా రాలేదు. దానికి మొహం వాచిపోయి ఉన్నాను.

సెలెక్షన్ పరుగు కూడా ఆ బాట మీదే పెట్టారు. ఎర్ర జెండా దగ్గర వెనక్కి తిరగాలి. అందరికంటే ముందు నేనే ఉన్నాను. తీరా చూస్తే జెండా గాలికి పొదల్లో పడిపోయింది, దాన్ని కాయవలసిన మాస్టారు పాన్ ఠేలా బండి దగ్గర ఉన్నారు. నేను తిరగాల్సిన చోటు దాటిపోయాను. వెనక సైకిలు మీద వస్తున్న నాన్న గొంతు వినిపించింది: "ఆగే! ఆగే!"

నా ఒళ్లు పులకరించిపోయింది. ఆగే అంటే హిందీలో ముందుకని కదా! నాన్న నన్ను హుషారు చేస్తున్నారు, అదీ నా భాషలో! రెక్కలొచ్చినట్టు పరిగెత్తాను. ఆయన అరిచినకొద్దీ వేగం పెంచాను. చివరికి రైల్వే గేటు దగ్గర గేట్‌మన్ అడ్డొచ్చి, "కహాఁ జాథస నోనీ?" అన్నాడు, ఎక్కడికే పిల్లా అని. నా వెనక ఎవరూ లేరని అప్పుడు చూశాను. మిగిలిన పిల్లలందరినీ నాన్నే అక్కడ ఆగి చేతులడ్డం పెట్టి వెనక్కి తిప్పారట.

ఇంటికి తిరిగొస్తుంటే సైకిలు క్యారియర్ మీద కూర్చుని వెక్కుతున్నాను.

"నానేటన్నానే? ఆగవే అన్నాను. ఆయాసంలో సగం మింగేసినాను. నువ్వేటి ఇన్నావు?"

"ఆగే... ముందుకెళ్లమని. నువ్వు శభాష్ అంటన్నావనుకున్నా నాన్నా."

నాన్న సైకిలు ఆపేశారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. తర్వాత భుజం మీది తువాలుతో కళ్లు తుడుచుకున్నారు. నవ్వినందుకైతే అంతసేపు తుడుచుకోనక్కర్లేదు.

సీటు ఇంకో అమ్మాయికి వెళ్లింది, మేం ఊరికి వెళ్లాం. పాలపళ్లు ఊడని పిల్లల మధ్య తాటిచెట్టులా కూర్చుని అ ఆలు దిద్దుకున్నాను. చాలా ఏళ్లు భిలాయి కలలోకొచ్చేది, అక్కడే ఉండిపోయినట్టు. దిగులుగా లేచేదాన్ని.

ఇప్పుడు నాన్న లేరు. నాకు తెలుగు ఇలా రాసేంత వచ్చింది. పొద్దున నడకలో మోకాళ్లు మొరాయించినప్పుడు ఒక్కోసారి ఆ కేక వినిపిస్తుంది. ఆగమంటున్నారని తెలుసు. అయినా హిందీలోనే వింటాను. నాకు తెలుగు ఇంకా సరిగ్గా రాలేదని నవ్వుకుంటూ ఇంకాస్త దూరం వెళ్తాను.