నా గొంతు పోయిన సంగతి

ఆ ఉదయం డ్యూటీలో కిటికీ పక్క బెడ్ మీదున్న పెద్దాయనకి బీపీ పడిపోయింది. డాక్టరుగారిని పిలవబోతే నా నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. టేబుల్ మీద గట్టిగా చరిస్తే పక్క సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. పెద్దాయన కోలుకున్నారు. నా గొంతు మాత్రం తిరిగి రాలేదు.

నేను బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మాది నాగాయలంక దగ్గర పల్లె. మా వైపు వాళ్లలాగే కాస్త సాగదీసి మాట్లాడతాను.

జలుబేమో అనుకుని ఉప్పునీళ్లు పుక్కిలించాను. యాంటీబయాటిక్స్ వాడాను. తగ్గకపోతే మా ఆయనా నేనూ ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన గొంతులోకి సన్నని కెమెరా పంపి లారింగోస్కోపీ చేసి, "ఒకసారి దగ్గమ్మా" అన్నారు. దగ్గాను.

"చూశావా, దగ్గులో గొంతు పలుకుతోంది. వోకల్ కార్డ్స్, అంటే స్వరతంత్రులు, బాగానే ఉన్నాయి. ఇది ఫంక్షనల్ డిస్ఫోనియా, అంటే గొంతులో ఏ లోపం లేకుండానే మాట పోవడం. నటిస్తున్నావని కాదు. మనసు మీద ఒత్తిడి పెరిగితే అక్కడి కండరాలు బిగుసుకుంటాయి. పనిలో ఏమన్నా జరిగిందా?"

ఏమీ లేదని తల అడ్డంగా ఊపాను. పక్కనున్న మా ఆయన, "ఫోను మోగితే ఉలిక్కిపడుతోందండీ" అన్నారు.

అప్పుడు గుసగుసగా చెప్పాను. వార్డు వాట్సాప్ గ్రూపులో పేషెంట్ల గురించి నేను పెట్టిన వాయిస్ మెసేజ్‌కి ఒక సీనియర్ సిస్టర్ డప్పులు కలిపి వీడియో చేసింది. అది నేను లేని ఇంకో గ్రూపులో తిరిగింది. తర్వాత నా ఫొటోతో స్టిక్కర్లు వచ్చాయి. క్యాంటీన్‌లోకి వెళ్తే ఎవరో ఒకరు నాలాగా సాగదీసేవారు. అడిగితే "సరదాకేలే" అనేవారు. నేనూ నవ్వేసేదాన్ని.

స్పీచ్ థెరపీకి గుడివాడ వెళ్లేదాన్ని. థెరపిస్టు మొదట పెదవులు మూసి 'మ్' అనమంది, తర్వాత ఒక్కో అక్షరం పలికించింది.

"నా యాస మార్చుకోవాలా?" అని అడిగాను.

"ఎందుకండీ? ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి."

గొంతు కొంచెం వచ్చాక డ్యూటీలో చేరాను. ఆ వారంలోనే నా గుసగుస మీద ఇంకో వీడియో వచ్చింది. గొంతు మళ్లీ పోయింది. ఈసారి ఒక తోటి సిస్టర్ ఆ వీడియోలన్నీ నాకు పంపింది. ఫోను పట్టుకుని నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లాను.

"గట్టిగా చెప్పమ్మా, వినపడటం లేదు" అన్నారావిడ.

"రావట్లేదు మేడమ్. అందుకే వచ్చాను."

ఆవిడ వీడియోలన్నీ చూశారు. అవి తిరిగిన గ్రూపు తీసేయించి, సీనియర్ సిస్టర్‌ని వేరే డిపార్ట్‌మెంట్‌కి మార్చారు. ఆమె నాకు క్షమాపణ చెప్పలేదు. లిఫ్టులో కలిస్తే ఇద్దరం తలుపు వైపు చూస్తాం.

థెరపీ మళ్లీ మొదటినుంచి సాగింది. ఇప్పుడు మాట్లాడుతున్నాను. సాయంత్రానికి గొంతు అలసిపోతుంది. పేషెంట్ల సంగతులు గ్రూపులో పెట్టను, తర్వాతి షిఫ్టు వాళ్లకి ఎదురుగా నిలబడి చెబుతాను.

ఒక్కటే చెప్పదలిచాను. డాక్టరు దగ్గరికి వెళ్తే నొప్పెక్కడో చెప్పి ఊరుకోకండి, పని చేసేచోట మీతో ఎలా ఉంటున్నారో కూడా చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగకండి.