తెర మీద తగ్గిన వేగం

2022లో వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచిన రోజులవి. నంద్యాల బస్టాండు దగ్గర నాకో చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి ఇద్దరు వచ్చారు. ముందు వచ్చింది విక్టర్ గారు, అక్కడ ఒక ప్రైవేటు స్కూలు నడుపుతారు. వెనక సీపీయూ డబ్బా మోసుకుంటూ వచ్చింది మస్తాన్. ఆళ్లగడ్డలో కంప్యూటర్లు బాగుచేస్తాడు, విడిభాగాలకు నా దగ్గరికే వచ్చేవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

సెలవుల్లో స్కూలు కంప్యూటర్లన్నిటికీ మస్తాన్ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కొత్తది ఎక్కించాడు. బడి తెరిచాక ఒక టీచరు పిల్లలకు చూపిద్దామని ప్రాసెసర్ వివరాలు తెరిచారు. ప్రాసెసర్ అంటే కంప్యూటర్లో లెక్కలన్నీ చేసే చిప్పు. పేరు సరిగ్గానే ఉంది కానీ, వేగం ఉండాల్సిన దాంట్లో సగం కూడా కనబడలేదు. మంచి చిప్పులు పీకేసి, పేరు మార్చిన నాసిరకం చిప్పులు పెట్టాడని విక్టర్ గారు స్టాఫ్ రూములో అందరి ముందూ అతన్ని నిలదీశారు.

"మాకు ఒకటే తెలియాల మేడం. ఈయప్ప మార్చినాడా, లేదా? మార్చుంటే స్టేషన్‌కు పోతా" అన్నారు విక్టర్ గారు.

మస్తాన్ నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఒక్క స్క్రూ గూడా మార్చలేదక్కా. నా కూతురు ఆడనే సదువుతాంది. దాన్ని గూడా పిలిచి అడిగినారంట, మీ నాయన ఇంటికేమన్నా తెచ్చినాడా అని."

డబ్బా విప్పేటప్పుడు నాకూ భయంగానే ఉంది. చిప్పు మారి ఉంటే ఆ మాట నా నోటితోనే చెప్పాలి. ఫ్యాను తీసి, దాని కింద పూసిన పేస్టు తుడిచి చూశాను. చిప్పు మీద కంపెనీ వేసిన అచ్చు చెక్కుచెదరలేదు. మళ్లీ బిగించి బయోస్‌లోకి వెళ్లాను. ఆపరేటింగ్ సిస్టం మొదలు కాకముందే మదర్‌బోర్డు చూపించే తెర అది. అక్కడ వేగం సరిగ్గా ఉంది. లైనక్స్‌లోకి వస్తే మళ్లీ తక్కువ.

నా షాపులో అదే చిప్పు ఉన్న మిషన్ ఒకటుంది. రెండింటికీ ఒకే పెద్ద పని అప్పజెప్పాను. ఇంచుమించు ఒకేసారి ముగించాయి. అంటే చిప్పు పూర్తి వేగంతోనే పనిచేస్తోంది, తెర మీది అంకె ఒక్కటే తప్పు. ఇక అనుమానించాల్సింది కెర్నల్‌ను. లైనక్స్‌లో, యంత్రానికీ ప్రోగ్రాములకూ నడుమ ఉండి రెండింటినీ నడిపించే భాగం అది. పని లేనప్పుడు చిప్పు వేగం తగ్గించుకుంటుంది. ఈ కొత్త కెర్నల్ ఆ తగ్గిన వేగాన్నే పట్టుకుని ఎప్పుడడిగినా అదే చెబుతోంది. పాత కెర్నల్ ఎక్కించి మిషన్ మొదలుపెడితే సరైన అంకె వచ్చింది. విక్టర్ గారు తన చేత్తోనే మిషన్ ఆపి, మళ్లీ ఆన్ చేసి చూసుకున్నారు.

మిషన్ ఆపేసి లేచారాయన. తర్వాత మస్తాన్ వైపు తిరిగి, టీ తాగొద్దాం పద అన్నారు. మస్తాన్ కదల్లేదు.

"నన్ను దొంగ అన్నది ఈడ కాదు గదా సార్. ఆడ, అందరి ముందర. ఆడ జెప్పండి."

మర్నాడు షాపు మూసి నేనూ ఆళ్లగడ్డ వెళ్లాను. స్టాఫ్ రూములో మిషన్ పెట్టి, రెండు కెర్నల్‌లూ నడిపి చూపించాను. విక్టర్ గారు లేచి నిలబడ్డారు. "మస్తాన్ ఏం మార్చలేదు. తొందరపడింది నేను" అన్నారు. అక్కడితో ఆగలేదు. మస్తాన్‌ను వెంటబెట్టుకుని అతని కూతురి క్లాసుకు వెళ్లి, అదే మాట ఆ పిల్లకూ చెప్పారు. మస్తాన్ గుమ్మం దగ్గరే నిలబడిపోయి, చేత్తో మొహం తుడుచుకున్నాడు.

కెర్నల్ తయారుచేసేవాళ్లకు ఈ లోపం గురించి రాశాను. కొన్నాళ్లకు వచ్చిన అప్‌డేట్‌తో అంకె సరిపోయింది.

అప్పటి నుంచి ఎవరైనా మోసపోయామంటూ మిషన్ తెస్తే, ముందు దానితో పని చేయించి చూస్తాను. మాట పడ్డ మనిషి తప్పేమీ లేదని తేలితే, ఆ సంగతి మాట అన్న చోటే చెప్పమంటాను. అవసరమైతే నేనే వెళ్తాను. రిపేరు అక్కడికి గానీ పూర్తి కాదు.