చెక్ రాజుగారు నాటించిన చెట్లు

ఆ రోజుల్లో కెనడాలోని విండ్సర్‌లో ఏ బస్సెక్కినా వెనక సీట్లోంచి తెలుగు వినిపించేది. అంతమందిమి ఒక్కసారిగా చదువుకోవడానికి వచ్చిపడ్డాం. కంప్యూటర్ డిప్లొమాకి వచ్చిన నాకు, బయటి సబ్జెక్టు ఒకటి పాసవ్వాలన్న నిబంధన ఉందని చివరి టర్ములో గాని తెలియలేదు. (అప్పట్లో నేను పార్ట్‌టైమ్ పని షిఫ్టుల టైమింగులు తప్ప ఏదీ శ్రద్ధగా చదివేవాణ్ణి కాదు.) మిగిలింది చరిత్ర క్లాసొక్కటే. చెక్ జాతి పరాయి ఏలుబడిలో ఉన్న కాలంలో తమ మధ్యయుగపు వైభవాన్ని సంపుటాలకు సంపుటాలు రాసిన ఓ జాతీయవాద చరిత్రకారుడు నా వంతుకు వచ్చాడు. ఆయన రచనను పరిశీలిస్తూ వ్యాసం రాయాలి. అది తప్పితే డిప్లొమా లేదు, డిప్లొమా లేకపోతే వర్క్ పర్మిట్‌కు అప్లై చేసే వీల్లేదు.

"గింత దానికి పరేషానెందుకురా? రాజుల గురించే కదా, మంచిగ పొగిడి రాయి, మస్తు మార్కులొస్తయ్," అన్నాడు మా రూమ్మేట్ కరీంనగర్ అన్న. ఆ సలహా నాకు తెగ నచ్చింది. ఆ చరిత్రకారుడు పదమూడో శతాబ్దపు రాజొకాయన గురించి రాసింది కాస్త చదివి, మిగతాది పదో తరగతి సోషల్ పరీక్షలో లాగే సైడ్ హెడ్డింగులు పెట్టి దంచేశాను. రాజుగారి పాలనలో ప్రజలు సుఖసంతోషాలతో తులతూగారు. రాజుగారు చెరువులు తవ్వించారు, బాటలకు ఇరువైపులా చెట్లు నాటించారు, చివరికి యుద్ధంలో వీరస్వర్గం అలంకరించారు.

చరిత్ర క్లాసు చెప్పే మేడమ్ నన్ను పిలిపించారు. (అక్కడ అందరూ ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవారు, నాకు నోరొచ్చేది కాదు.)

"ఈ చెట్ల సంగతి ఏ పుస్తకంలో దొరికింది?"

"రాజులన్నాక నాటిస్తారు కదా మేడమ్!"

ఆవిడ కళ్లజోడు తీసి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నాకేమో వర్క్ పర్మిట్ గాల్లో కలిసిపోతున్నట్టు ఉంది. "ఆయన గురించి రాయమంటే మీరు ఆయనలాగే రాశారు," అన్నారు. "తనవాళ్ల మీద ప్రేమకొద్దీ, ఆధారం దొరకని కొన్నిచోట్ల ఆయనా ఇలాగే నింపాడు. వారం టైమిస్తాను. చెట్లు కొట్టేయండి. యుద్ధంలో రాజు ఏమయ్యాడో సూటిగా చెప్పండి."

చెట్లు కొట్టేశాను, చెరువులు పూడ్చేశాను. 'రాజు ఓడిపోయి చచ్చిపోయాడు' అనే వాక్యం దగ్గర మాత్రం చెయ్యాడలేదు. ముక్కూమొహం తెలియని రాజు, నాకేమవుతాడు? అయినా దిగులేసింది. ఏమీ కాని నాకే ఇలా ఉంటే, సొంతవాళ్ల ఓటమి రాయాల్సి వచ్చిన ఆ పెద్దాయనకు ఎలా ఉండి ఉంటుందో అనిపించి, ఆ మాటే ఒక పేరాగా రాసిచ్చాను. మేడమ్ దాని పక్కన "నేను అడిగింది ఇదే" అని రాసి పాస్ చేశారు.

వర్క్ పర్మిట్ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో నేను రాసే రిపోర్టుల్లో ఆధారం లేని మాట ఒక్కటీ ఉండదు. ఏ ఆధారమూ లేకుండానే ఓ పరాయి రాజుకు అంత చల్లని రాజ్యాన్ని కట్టబెట్టిన ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది, వాడి మీద బోలెడంత ముద్దూ వస్తుంది.