కొండదారి మొదట్లో మా అక్క తంగేళ్ళు

పోయిన నెల మా తోడికోడలు పోయింది. నేనింకా పొయ్యి ముట్టించకముందే బావగారు గుమ్మంలో నిలబడి, "మీ అక్క ఇక లేదమ్మా" అన్నారు. ఈ ఇంటికి నాకంటే ముందొచ్చింది, ముందే పోయింది. అన్నిట్లో తనదే ముందు.

మీ దగ్గర దాచేదేముంది, ఆమంటే నాకు కుళ్ళు. ఇప్పటికీ కుళ్ళే.

కొండ మీది గుడికి దారి మా ఇళ్ళ పక్కనుంచే మొదలవుతుంది. మాచర్ల బస్సు దిగినవాళ్ళు అక్కడి ముళ్ళకంప చూసి, "ఇదేనా దారి?" అని అడిగేవాళ్ళు. బాగుచేద్దామని ఇద్దరం అనుకున్నాం. నేను గుంటూరు నుంచి గులాబీలు, క్రోటన్లు తెప్పించి, నా పేరు చెక్కించిన నాపరాయి కూడా నిలబెట్టించా. ఆమె కొంగులో తంగేడు గింజలు తెచ్చి తొలకరికి చల్లింది.

"ఏందక్కా, గట్ల మీది పిచ్చిమొక్కలు ఇక్కడెందుకు?"

"మన ఎండకి అలవాటు పడ్డయ్యే. మేకలు కూడా ముట్టవు."

నా గులాబీలు మేకలు మేశాయి. క్రోటన్లు ఎండకి మాడిపోయాయి. ఆమె తంగేళ్ళు నడుమెత్తు లేచి విరగబూశాయి. వాటి వెనక వాక్కాయ పొదలు పెంచింది. ముళ్ళకొమ్మ దారి మీదికొస్తే చాలు, కత్తిరించేది. "మొదట్లోనే ముల్లు గుచ్చుకుంటే కొండెక్కబుద్ధవుతుందటే?" అనేది.

ఎక్కేవాళ్ళంతా ఆ పూల దగ్గర ఆగేవాళ్ళు. పిల్లలు వాక్కాయలు కోసుకునేవాళ్ళు. నా రాయికి ఆనుకుని చెప్పుల్లో ఇసక దులుపుకునేవాళ్ళు! శనివారం టీవీలో సినిమాకి ఊరంతా మా ఇంట్లోనే ఉండేది. అయినా కిటికీలోంచి ఆమె చుట్టూ చేరిన జనాన్ని చూస్తే నాకు కడుపు మండేది. ఒకసారి ఉండబట్టలేక, "నీకేమక్కా, చానామంది చుట్టాలు" అన్నా. "ఏమే, ఊరికే నిలబడకపోతే ఈ కొమ్మ పట్టుకోరాదూ" అంది. మూతి ముడుచుకునే పట్టుకున్నా.

ఆమె పెద్దదినానికి ఆ దారిన నడిచినవాళ్ళు గురజాల నుంచి కూడా వచ్చారు. నేను పోతే ఇందులో సగం మందన్నా వస్తారా? పోయి కూడా నన్ను ఓడించింది గదా అని ఏడుపొచ్చింది. ఆమె లేదని కూడా ఏడ్చాను. ఏది దేనికో నాకే తెలీలేదు.

భోజనాలయ్యాక బావగారు, "ఆమె పేరు మీద కూడా అక్కడొక రాయి వేయిద్దాం" అన్నారు. అందరూ సరేనన్నారు.

"వద్దు" అన్నాను.

అందరూ నా వంక చూశారు. కుళ్ళుతో అన్నాననుకున్నారు. అనుకోనీ. రాయి మీద పేరు ఎవరూ చదవరని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

ఆ సాయంత్రం బస్సు దిగిన ఒకామె, చంకలో బిడ్డతో తంగేళ్ళ దగ్గర ఆగింది. ఒక పూలరెమ్మ తుంచి బిడ్డ జుట్టులో పెట్టింది. ఎవరు వేశారని అడగనేలేదు. నవ్వుకుంటూ కొండెక్కింది. నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది.