ఆరు పోర్షన్లకు ఒకటే నల్లా

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వేసవి. సూర్యాపేట కోర్టులో వకీలుగా నాకు పదేళ్ళు దాటాయి. ఒక పొద్దున ఆరుగురు ఆడవాళ్ళు నా ఆఫీసుకొచ్చారు. వాళ్ళలో పెద్దది సైదమ్మ, కూరగాయలు అమ్ముకునే మనిషి. ఒకే వరుసలోని ఆరు పాత పోర్షన్లలో కిరాయికి ఉంటున్నారు. అందరికీ ఒకటే నల్లా. కాంప్లెక్సు కట్టాలని ఓనరు ఖాళీ చేయమన్నాడు. వీళ్ళు కదలకపోయేసరికి నీళ్ళు బంద్ చేశాడు.

"పదిహేను దినాలాయె మేడమ్. మోటరు కాలిందంటడు. ఇగ మేం ఎల్లిపోవుడేనా?"

"ఎందుకు పోవాలమ్మా?" అన్నాను.

ఒకప్పుడు ఓనరు సామాను వీధిలో పారేస్తే అడిగే దిక్కుండేది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇళ్ళ కరువొచ్చి ప్రభుత్వం కిరాయిల మీద ఆంక్షలు పెట్టింది. తర్వాత 1960లో మనకు పూర్తి చట్టమే వచ్చింది. కోర్టు ఆర్డరు లేనిదే ఖాళీ చేయించకూడదు, నీళ్ళూ కరెంటూ ఆపకూడదు. కిరాయి తక్కువ కాబట్టి వీళ్ళకది వర్తిస్తుంది. ఇదంతా చెప్పి, రెంట్ కంట్రోలర్ దగ్గర, అంటే కిరాయి తగాదాలు వినే జడ్జి దగ్గర, పిటిషన్ వేశాను.

విచారణ రోజు ఓనరు మళ్ళీ మోటరు సంగతే చెప్పాడు. నేను లేచేలోపే సైదమ్మ చెయ్యెత్తింది.

"జర నన్ను మాట్లాడనియ్యుండ్రి సారూ. మోటరు కాలితే మా పక్కనున్న ఈయన మేడ మీద మల్లెచెట్లకు నీళ్ళు యాడికెల్లి వస్తున్నయ్? రోజూ పైపు పెట్టి పోస్తున్నడు. అవి కారి మా గడపల పడుతున్నయ్!"

కోర్టు హాలంతా నవ్వింది. ఓనరు తల దించుకున్నాడు, అతని పెదాల మీదా నవ్వాగలేదు. మర్నాటికల్లా నీళ్ళివ్వాలని జడ్జి మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం సైదమ్మ ఫోన్. మాట లేదు, నల్లా ధార చప్పుడు మాత్రమే. తర్వాత ఆరుగురి కేరింతలు. "ఇనబడ్డదా మేడమ్?"

సాయంత్రం నేను వాళ్ళ పోర్షన్లకు వెళితే, సైదమ్మ చట్టంలో ఏముందో తన నోటికొచ్చేదాకా నాతో చెప్పించుకుంది.

కొన్నాళ్ళకు కోదాడ నుంచి ఒకామె వచ్చింది. కుర్చీలో కూర్చోకముందే, "ఓనరు కరెంటు తీసేశాడండీ. అట్లా తీయకూడదని చట్టం ఉందంటగా, సైదమ్మక్క చెప్పింది" అంది.

ఆర్డరు కాపీ చేతిలో పెడితే నా పని అయిపోయినట్టే అనుకునేదాన్ని. ఇప్పుడు క్లయింటు దాన్ని తన మాటల్లో నాకు తిరిగి చెప్పేదాకా ఫైలు మూయను.