మా నాయన బిగించిన చక్రం

సైకిలు మార్చుకోమని నాకు సలహా ఇచ్చినవాళ్లందరినీ వరసగా నిలబెడితే మా ధర్మవరం వీధి చాలేది కాదు. వాళ్లలో నా సైకిలు ఎక్కి చూసినవాడు ఒక్కడూ లేడు. ఊరికే ఇచ్చే సలహాకు పోయేదేముంది? నేను మాత్రం మార్చలేదు. ఇప్పుడు మళ్లీ ఆ రోజులొచ్చి ఎవరైనా అడిగినా మార్చను.

అరవైల మొదట్లో మాట ఇది. అప్పటికి నాకు ఇరవై దాటింది. ఆ సైకిలును మా నాయన నల్లమాడలో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. బండబారిన నల్ల సైకిలు. దాన్ని ఎత్తి గడప దాటించాలంటే ఇద్దరు కావాలని మా అమ్మ ఎగతాళి చేసేది. చైన్‌కవరు, పెద్ద క్యారియరు, రెండు కాళ్ల స్టాండు, ఎప్పుడూ వెలగని డైనమో లైటు, అన్నీ ఉండేవి. మలుపులో తిప్పితే ముందు ఆలోచించుకుని, ఆ తర్వాత తిరిగేది.

మాది సొంత మగ్గం. ఈ మాట ఇప్పటివాళ్లకు చిన్నదిగా వినిపించొచ్చు. మా వీధిలో అప్పటికే చాలా మగ్గాలు చీరలంగడి సావుకారు షెడ్డులోకి వెళ్లిపోయాయి. అక్కడ పట్టు ఆయనది, జరీ ఆయనది, ఏ రంగు వెయ్యాలో చెప్పేదీ ఆయనే. నేసేవాడివి చేతులు మాత్రమే. మా నాయన తన ఇంట్లో, తన మగ్గం గుంతలో కూర్చుని, తనకు నచ్చిన రంగులో నేసి, తనకు నచ్చినవాడికి అమ్మేవాడు. నేత పూర్తయి మగ్గం మీంచి చీర కోసిన రోజున దాన్ని తెల్లగుడ్డలో మూటకట్టి సైకిలు మీద అనంతపురం తీసుకుపోవడం నా పని. చెట్టు నీడ లేని రోడ్డు, ఎప్పుడూ ఎదురుగానే వచ్చే గాలి. నా కాళ్లకు బలం ఆ రోడ్డే ఇచ్చింది.

జెండా పండగ నాడు మా ఊరి నుంచి బత్తలపల్లె దాకా సైకిలు పందెం పెట్టేవాళ్లు. అంతకు ముందు ఏడు నేనే గెలిచాను, ఆ బండ సైకిలు మీదే. అప్పుడు సావుకారు కన్ను నా మీద పడింది. అసలు ఆయన కన్ను పడింది నా మీద కాదు, మా మగ్గం మీద. అది అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

మళ్లీ పండగ దగ్గర పడుతుండగా ఆయన మా ఇంటి ముందుకే వచ్చాడు. వెంట మనిషి ఒకడు కొత్త సైకిలును నడిపించుకుంటూ వచ్చాడు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, మడ్‌గార్డులు లేవు, గంట కూడా లేదు.

"ఏమప్పా, ఆ ఇనప గాడిదను ఇంకెన్నాళ్లు తొక్కుతావు? ఇది బెంగుళూరు నుంచి తెప్పించినా. సంతకు పోయేదానికి చేసింది గాదు ఇది, పందేనికే చేసినారు. ఎక్కి చూడు" అన్నాడు.

ఎక్కాను. అబద్ధమెందుకు, అది బాగుంది. చాలా బాగుంది. నేను చూసిన వైపుకు అదే తిరిగింది. వీధి చివర దాకా వెళ్లి వచ్చేసరికి నా గుండె దాని మీదే ఉంది. దిగబుద్ధి కాలేదు.

"నీ కాడే పెట్టుకో. మా అంగడి పేరుండే బనీను ఏసుకోని తొక్కు, అంతే" అన్నాడు సావుకారు. తర్వాత మా నాయన వైపు తిరిగాడు. "అన్నా, దసరా కాడికి నీ మగ్గం గూడా మా షెడ్డులోకి తెచ్చుకో. నీకూ వయసైతాండాది. ఈ గుంతలో ఎన్నాళ్లు మోకాళ్లు నొప్పిచ్చుకుంటావు?"

మా నాయన నన్ను చూశాడు. "తొక్కేది వాడు. వాడు చెప్పనీ" అన్నాడు.

ఒక్క మాటతో మగ్గాన్ని నా చేతిలో పెట్టేశాడు. నాకు ఒళ్లు మండింది. సైకిలు మీద కాదు, మా నాయన మీదా కాదు, ఆ "తెచ్చుకో" అన్న మాట మీద. మేకను తోలుకురమ్మన్నట్టు అన్నాడు.

"నా సైకిలు నాకుండాది సావుకారన్నా" అన్నాను.

"దాంతో గెలుస్తావా?"

"ఓడితే నా సైకిలు మీదే ఓడతా."

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. మర్నాటికల్లా ఆ సైకిలు నా నేస్తుడి చేతిలో ఉంది. వాడు సావుకారు షెడ్డులోనే నేసేవాడు. చిన్నప్పటి నుంచి ఒక కంచంలో తిన్నవాళ్లం. వాడి మీద నాకు కోపం లేదు. షెడ్డులో ఉన్నవాణ్ని అడుగుతారా, చెబుతారు గానీ.

ఇక నా సైకిలు సంగతి. చీర బాగా రాలేదని మగ్గం మార్చేస్తామా? ఎక్కడ తేడా ఉందో చూసుకుని సర్దుకుంటాం. మా ఇంటి పద్ధతి అదే. చైన్‌కవరు పీకేశాను. లైటు, స్టాండు, మడ్‌గార్డులు, ఆఖరికి క్యారియరు కూడా ఊడదీశాను. అవన్నీ మూలన కుప్పపోస్తే ఇంకో సైకిలు అంత ఉంది. హ్యాండిలు ఊడదీసి తలకిందులుగా బిగించాను. అప్పుడు వంగి పట్టుకోవడానికి వీలైంది. వీధిలో పిల్లలు దాన్ని చూసి "దున్నపోతు దున్నపోతు" అని అరిచారు. అరవనీ అనుకున్నాను.

చక్రాలు మాత్రం వంకరపోయి ఉన్నాయి. సగం బద్ధకం వాటిదే. సైకిలంగడికి ఇద్దామంటే మా నాయన ఒప్పుకోలేదు. "తీగలు బిగిచ్చేదానికి అంగడెందుకు? పుట్టినకాడ్నుంచి నేను చేసేదేంది?" అన్నాడు. సైకిలును మగ్గం పక్కన బోర్లా పెట్టి కూర్చున్నాడు. మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగులో పోగును వేలితో మీటితే ఎక్కడ వదులో ఎక్కడ బిగువో చెప్పగల మనిషి. స్పోకులు కూడా అట్లాగే మీటుతూ, ఒక్కొక్కటే బిగిస్తూ, అన్నింటికీ ఒకే బిగువు తెచ్చాడు. అన్నీ ఒకే మాదిరి మోగుతుంటే మా అమ్మ కూడా వచ్చి విని వెళ్లింది. పడుగులో ఒక పోగు ఎక్కువ, ఒక పోగు తక్కువ ఉంటే చీర ఏమవుతుందో నేతగాడికి చెప్పాలా?

మర్నాడు దాన్ని వేసుకుని బయలుదేరాను. ఊరు దాటగానే సైకిలు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. వెనక చక్రం ఒక పక్కకు వెళ్లి రాడ్డుకు రాసుకుంటోంది. మలుపులో తిప్పితే నేను ఒకవైపు, అది ఒకవైపు. కంకరలో పడి మోచెయ్యి, మోకాలు రెండూ చెక్కుకుపోయాయి. నడిపించుకుంటూ ఇంటికి వస్తుంటే సైకిలంగడి సాయిబు ఆపాడు. చక్రం చూసి కడుపు పట్టుకుని నవ్వాడు.

"అరె, ఇది నేసేవాళ్లు బిగిచ్చిన చక్రమేనా? ఎనక చక్రానికి అన్నీ సమంగా బిగిచ్చకూడదు భాయ్. గొలుసు పక్క గట్టిగా, ఈ పక్క రవ్వంత వదులు. అప్పుడే నడిమధ్యలో నిలబడతాది."

ఇంటికి వచ్చి అదే చెప్పాను. మా నాయన నా మోకాలును చూశాడు, చక్రాన్ని చూశాడు. స్పోకులను రెండు పక్కలా మీటి చూశాడు. నాకేమో భయం, సాయిబు నవ్వాడని అలిగి సైకిలు అవతల పారేస్తాడేమోనని.

"అట్లనా" అన్నాడు చివరికి. "అయితే ఇదీ అంచున్న చీరే."

మా చీరలకు అంచు బరువు. జరీ అంచు పోగులు చీర ఒంటి పోగులతో కలిసి నడవవు. వాటికి విడిగా రాయి వేలాడదీసి వేరే బిగువు ఇస్తాం. అందరు నేతగాళ్లకూ తెలిసిన సంగతే, చక్రం దగ్గర మాత్రం తోచలేదు. మా నాయన మళ్లీ కూర్చున్నాడు. గొలుసు వైపు స్పోకులను అంచు అనుకున్నాడు, అవతలివాటిని ఒళ్లు అనుకున్నాడు. రెండు రకాల మోతలు తెచ్చాడు. చక్రం తిప్పి వదిలితే ఎటూ ఊగకుండా తిరిగింది. నేనెక్కి మలుపు దగ్గరికి పోయి చూశాను. తిప్పీ తిప్పకముందే తిరిగింది. బెంగుళూరు సైకిలంత కాదు. కానీ అది నా మాట విన్నది, అప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పందెం నాడు బరిలో చాలామందే నిలబడ్డారు గానీ అందరూ మా ఇద్దరినే చూస్తున్నారు. వాడి ఒంటి మీద అంగడి పేరున్న కొత్త బనీను. నా ఒంటి మీద మా నాయన పాత చొక్కా. వాడు నా వైపు చూడలేకపోయాడు. నేనే "తొక్కరా" అన్నాను.

తిన్నటి రోడ్డు మీద వాడు ముందుకు వెళ్లిపోయాడు. నాకు ఆశంతా వంక మీదే. దారికి అడ్డంగా ఎండిన వంక ఒకటి ఉంది, ఆ ఏడు చుక్క నీళ్లు పారలేదు, అంతా మెత్తటి ఇసుక. సన్న టైర్లు అందులో దిగబడతాయని లెక్కేసుకున్నాను. దిగబడ్డాయి కూడా. కానీ వాడేం చేశాడనుకున్నారు? సైకిలును తుండుగుడ్డ వేసుకున్నట్టు భుజానికి తగిలించుకుని పరుగెత్తాడు! అంత తేలికది మరి. నేను నా లావు టైర్లతో ఇసుకలో తొక్కుకుంటూనే దాటాను, దిగలేదు. గట్టెక్కేసరికి వాడి పక్కనే ఉన్నాను.

బత్తలపల్లె ముందు మలుపులో వాడు బ్రేకు పట్టాడు. ఆ సైకిలు వాడికింకా కొత్త, కంకరలో జారుతుందని జంకాడు. నేను పట్టలేదు. మా నాయన బిగించిన చక్రం నన్ను పడెయ్యదని నాకు తెలుసు. ఆ మలుపులో వాణ్ని దాటేశాను. అంత సంతోషం నా జన్మలో మళ్లీ కలగలేదంటే నమ్మండి.

తర్వాత తిన్నటి రోడ్డు వచ్చింది. నా కాళ్లలో ఉన్నదంతా పెట్టాను. చాలలేదు. జెండా దగ్గరికి వచ్చేసరికి వాడు ఒక సైకిలంత ముందున్నాడు. ఓడిపోయాను. పందేనికని చేసిన సైకిలు పందెం గెలిచింది. అందులో వింతేముంది? నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్ల మీద విసుక్కున్నాను.

సావుకారు వాడి మెడలో దండ వేసి, భుజం మీద చెయ్యి వేసి అందరికీ చూపించాడు. మిఠాయి పంచారు. అంతా అయ్యాక తన మనుషుల చేత ఆ సైకిలును గుడ్డతో తుడిపించి, కారు పైన బొంత పరిచి, దాని మీద పడుకోబెట్టి తాళ్లతో కట్టించాడు. రోడ్డు మీద తొక్కుకుంటూ పోతే దుమ్ము పడుతుందట. కారు నిండా ఆయన చుట్టాలు. మా నేస్తుడు దండతోనే కారు పక్కన నిలబడ్డాడు.

"నువ్వు బస్సుకు రారా" అని కారు ఎక్కేశాడు సావుకారు.

జెండా పండగ రోజున బస్సెక్కడిది! వాడు రోడ్డు మీదే నిలబడి కారు లేపిన దుమ్ములోకి చూస్తున్నాడు. నేను సైకిలు తెచ్చి వాడి ముందు ఆపాను. క్యారియరు పీకేశాను కదా, వాణ్ని ముందు రాడ్డు మీద కూర్చోబెట్టుకున్నాను. దండలోని పూలు గాలికి వచ్చి నా మొహానికి తగులుతున్నాయి.

వంక దాటాక వాడు మెల్లగా అడిగాడు. "రేయ్, కొంచేపు నేను తొక్కేదా?"

దిగి ఇచ్చాను. వాడు తొక్కాడు, నేను రాడ్డు మీద కూర్చున్నాను. ఊళ్లోకి అట్లాగే వచ్చాం. మా నాయన గడపలో నిలబడి ఉన్నాడు.

"ఎవురు గెల్చినారురా?"

"నేనే మామా" అన్నాడు వాడు.

మా నాయన దండను చూశాడు, వాడి కింద ఉన్న సైకిలును చూశాడు. "మరి నీ సైకిలేదిరా?" అన్నాడు.

వాడు సైకిలును గోడకు ఆనించి మెడలో దండ తీసేశాడు. మా అమ్మ ఇద్దరికీ సంగటి పెట్టింది.

మర్నాడే సావుకారు వచ్చాడు. మా నాయన మగ్గం గుంతలో ఉన్నాడు, అటూ ఇటూ పోగు వేసే నాడె ఆపలేదు. "ఏమన్నా, చూస్తివి గదా ఏది గెల్చిందో. ఇంగనైనా మగ్గం తెచ్చుకుంటావా?" అన్నాడు సావుకారు.

మా నాయన అంచు పోగులను ఒకసారి మీటి చూసుకుని, ఆ తర్వాత తలెత్తాడు.

"చూసినాలే సావుకారన్నా. గెల్చినోడు ఇంటికెట్లొచ్చినాడో అదీ చూసినా" అన్నాడు, మళ్లీ నాడె అందుకున్నాడు.