అవ్వ పీటకు దరఖాస్తు

దరఖాస్తులో పదిహేడు ప్రశ్నలున్నాయి. పదహారింటికి జవాబులు రాసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పదిహేడోది వీడియో. దాన్ని తీయడానికి అరగంట కూడా పట్టలేదు. కొంప ముంచింది మాత్రం అదే.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తూ, చిన్న గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. ఒకరోజు నోటీసు బోర్డు మీద కొత్త కాగితం కనిపించింది. హైదరాబాద్‌లో డిజైన్ పండుగ జరుగుతుందట. భూమికి భారం కాని వస్తువులు, అందరినీ కలుపుకునే వస్తువులు చేసినవాళ్ళు ఎవరైనా పాల్గొనవచ్చట. చదువుతో నిమిత్తం లేదని కింద రాసి ఉంది. ఆ చివరి మాట చదవగానే నాకు మా అవ్వ పీట గుర్తొచ్చింది. శనివారం బస్సెక్కి దేవరకొండ దగ్గర మా ఊరికి పోయాను.

అవ్వ అంటే మా నాన్నకు తల్లి. నాన్నను మేము బాపు అంటాం. బాపు వడ్రంగి, తాత కూడా వడ్రంగే. అంతకు రెండేళ్ళ ముందు అవ్వ మోకాళ్ళు పట్టేశాయి. మహబూబ్‌నగర్ దవాఖానలో చూపిస్తే, ఇక కింద కూర్చోవద్దు, కాళ్ళు మడవొద్దు అన్నాడు డాక్టరు. వచ్చే దారిలోనే బాపు ఒక ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కొచ్చాడు. అవ్వ దానికి ఒక్క వంక కూడా పెట్టలేదు.

ఎండాకాలం వచ్చింది. మా వాకిట్లో ఏటా చింతపండు కొడతారు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని పెంకు తీసి, గింజ తీసి, ఊరి సంగతులన్నీ ఆ పండుతో పాటే ఒలుస్తారు. ఎన్నో ఏళ్ళుగా ఆ గుంపుకు అవ్వే పెద్ద. ఆ ఏడు ఆమె కుర్చీలో కూర్చుంది, అందరి తలల మీదుగా. నేను సెలవుకు వచ్చినప్పుడు నాతో అంది, “నన్ను దొరసాని లెక్క పైన కూసోబెట్టిన్రు బిడ్డా. మాటలన్ని నా కాళ్ళ కిందికెల్లి పోతున్నయ్.” రెండు రోజులకు ఆమె కుర్చీని లోపలికి వేయించుకుంది. బయట ఆడవాళ్ళు నవ్వుతుంటే లోపల ఒక్కతీ కూర్చునేది.

అది బాపు కంట పడింది. మా పశువుల కొట్టంలో తాత చేసిన పాత ఎడ్లబండి పడి ఉండేది. దాన్ని విప్పాడు. పలకలతో పీట చేశాడు. ఎత్తు జానెడు మీద బెత్తెడు. కాళ్ళు మడవకుండా ముందుకు చాపుకునేలా పీట ముందువైపు కొంచెం వాలుగా ఉంటుంది. చక్రం నడుమ ఉండే ఆకు కర్రలు రెండు తీసి ఇరుపక్కలా నిలబెట్టాడు. లేవాలంటే ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి, వాటిని పట్టుకుంటూ లేవొచ్చు. పీటను వాకిట్లో ఆడవాళ్ళ నడుమ పెట్టి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

అవ్వ కూర్చుంది. అటు చూసింది, ఇటు చూసింది. “మంచి కట్టెను ఖరాబు చేసినవ్,” అంది. పొద్దుటి నుంచి దీపాలు పెట్టేవేళ దాకా ఆ పీట మీది నుంచి లేవలేదు.

అవ్వ తీరు ఎప్పుడూ అంతే. నా చిన్నతనం నుంచీ చూస్తున్నాను. బాపు ఏ వస్తువు చేసినా, అది ఎవరి కోసమైనా సరే, ముందు అవ్వ దగ్గరికి తెచ్చేవాడు. పెట్టి కాసేపు నిలబడేవాడు. అవ్వ ఏదో ఒక వంక పెట్టేది. ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. నేను మా ఇంట్లో నిప్పుల్లో వేసిన ఉప్పును. ‘ఒక్కసారి మంచిగుంది అంటే నీ సొమ్మేం పోతది?’ అని అవ్వతో ఎన్నోసార్లు కొట్లాడాను. ఆమె నవ్వి ఊరుకునేది.

అందుకే ఆ దరఖాస్తు నాకు అంత పట్టుదల అయింది. రెడీమేడ్ తలుపులు వచ్చాక బాపు బాడిసెకు పని లేదు. టౌన్‌లో దుకాణం వాళ్ళు అమ్మిన తలుపులకు బందులు బిగించడానికి పోతున్నాడు. ఎవరో ఎక్కడో చేసిన తలుపుకు, తలుపులు చేయగలిగిన మనిషి బందులు బిగించడం నేను చూడలేకపోయాను. ఆయన చేసిన వస్తువు కింద ఆయన పేరు రాసి ఉండగా ఒక్కసారి చూడాలని నా కోరిక. ఆ సంగతి ఆయనతో అనలేదు. అంటే దరఖాస్తే వద్దనేవాడు.

ఆదివారం పొద్దున ఫోన్ పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ప్రశ్నలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. నేను తెలుగు చేసి అడుగుతున్నాను.

“బాపూ, కట్టె పాతదా, కొత్తదా అని అడుగుతాన్రు.”

“తుమ్మ కట్టె. నలభై ఏండ్లు ఎండకెండి వానకు నానింది. ఇగ అది వంగదు, పగలదు. కొత్త కట్టెను నమ్మి అమ్మను ఎట్ల కూసోబెడ్త?”

“డ్రాయింగులు పెట్టమన్నరు.”

“గీసిన గదా.”

“ఏడ?”

“గచ్చు మీద, బొగ్గుతోని. మీ అమ్మ కడిగింది.”

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. “కడగకపోతే ఇల్లంత గీస్తడు మీ బాపు!”

“ఈ వస్తువుతోని ఎవరిని కలుపుకున్నరు, మూడు వందల మాటలల్ల రాయమన్నరు.”

బాపు చాలాసేపు ఆలోచించాడు. “మా అమ్మను,” అన్నాడు. “ఇంకెవల్ని?”

నేను అదే రాశాను. మిగతా రెండు వందల తొంభై ఎనిమిది మాటలు నాకు దొరకలేదు.

ఇక వీడియో. వస్తువు వాడేవాళ్ళు తమ మాటల్లో దాని గురించి చెప్పాలి. కింద ఇంగ్లిష్‌లో అక్షరాలు వేయాలి. అవ్వను పీట మీద కూర్చోబెట్టి, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళను పిలిచి ఫోన్ ఎదురుగా పెట్టాను.

“ఏం పీట బిడ్డా,” అంది అవ్వ. “నా కొడుక్కు పని లేక చెక్కిండు. కోతి కూసునే కొమ్మ లెక్కున్నది.”

“అంతే కదమ్మా,” అంది పక్కింటి ఆమె, పీటను చేత్తో నిమురుతూ. “గిసొంటి వంకర పీట నేనేడ సూడలే. మా అత్తకు గూడ ఒకటి చెయ్యమన్న. పడి ఉంటది ఓ మూల.”

మూడో ఆమె నవ్వి, “చూడనీకె బాగలేదు, మొయ్యనీకె బాగలేదు,” అంది.

నేను మురిసిపోయాను. నిజంగా. మూడు మాటల్లోనూ నా చెవికి వినిపించింది పొగడ్తే. మా వైపు బాగున్నదాన్ని బాగుందని నోటితో అనరు, దిష్టి తగులుతుందని. బొద్దుగా ఉన్న పసిపిల్లను ఎత్తుకుని ‘నల్లపిల్లి లెక్కున్నది’ అని ముద్దాడతారు. ఎంత ప్రేమ ఉంటే అంత తిట్టు. ఆ గాలిలోనే పుట్టి పెరిగిన నేను, లైబ్రరీలో కూర్చుని, వాళ్ళన్నదాన్ని పొల్లు పోకుండా ఇంగ్లిష్‌లోకి మార్చి, అక్షరాలు వేసి, పంపించేశాను. కోతిని కూడా వదల్లేదు.

పది రోజులకు ఫోన్ వచ్చింది. పండుగ వాళ్ళ తరఫున ఒక అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది. “మేడమ్, మీ నాన్నగారి పని మాకు చాలా నచ్చింది. కానీ వాడేవాళ్ళకే నచ్చలేదు కదా. అందరినీ కలుపుకునే వస్తువు అంటున్నప్పుడు, ఆ పెద్దావిడే ఇష్టపడకపోతే ఎలా తీసుకోమంటారు?”

అప్పుడు తెలిసింది నేను చేసిన ఘనకార్యం. దిష్టి గురించి చెప్పబోయాను. ఎంత చెప్పినా సాకులు చెబుతున్నట్టే ఉంది. చివరికి ఆ అమ్మాయే అంది, వచ్చే ఆదివారం పదకొండింటికి వీడియో కాల్ చేస్తాం, ఆవిడతో నేరుగా మాట్లాడతాం, ఆ రోజే జాబితా ఖాయం చేస్తాం అని.

మళ్ళీ శనివారం, మళ్ళీ బస్సు. అవ్వ వాకిట్లో పీట మీదే ఉంది. బాపు కొట్టం దగ్గర ఏదో చెక్కకు రందా పట్టి నునుపు చేస్తున్నాడు. సంగతంతా చెప్పి, “రేపు ఒక్క మాట అను అవ్వా, మంచిగున్నదని. గంతే,” అన్నాను.

“అన.”

“నీ కొడుకు పేరు పట్నంల గోడ మీద పెడ్తరు.”

“పెట్టకున్నా నా కొడుకు నా కొడుకే.”

నాకు కోపం ఆగలేదు. “నీకు ఆయన పనంటే ఎన్నడన్న ఇష్టమున్నదా? ఇంత వయసొచ్చింది, ఇంకా నీ ముంగట తెచ్చి పెట్టి నిలబడ్తడు. ఒక్కనాడు మంచి మాట అనలే నువ్వు!”

అవ్వ చేతిలోని చింతకాయ కింద పెట్టింది. “నీ బాపు ఎడమ చేతి ఏలు ఎట్ల పోయిందో ఎర్కనా?”

బాపు ఎడమ చేతి చిటికెన వేలికి చివరి కణుపు లేదు. చిన్నప్పుడు బాడిసె తగిలిందని తెలుసు. అంతవరకే తెలుసు.

“పదేండ్లోడు,” అంది అవ్వ. “ఇసుర్రాయికి పిడి చెక్కిండు. ఎవలు చెప్పలే, వాడే చెక్కిండు. గుండ్రంగ, నున్నగ, నా చేతికి సరిగ్గ. నాకు సంబురం ఆగలే. నలుగురు ఆడోళ్ళ ముంగట అన్న, నా కొడుకు చెయ్యి బంగారమని. నాలుగు పొద్దులు కాలే. ఆ చెయ్యే నెత్తురు కారుకుంట పట్టుకొని ఉరికొచ్చిండు.” ఆమె కొట్టం వైపు చూసింది. “నేను నోరు జారినందుకు ఏలుతోని పోయింది. ఇంకోపారి జారితే? ఆ చెయ్యి మీదనే బతుకుతున్నడు వాడు.”

కొట్టం దగ్గర రందా చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. అన్నేళ్ళు ఆమెతో కొట్లాడిన నా నోటిని నేనే తిట్టుకున్నాను. “వద్దులే అవ్వా, రేపు ఫోన్ ఎత్తను,” అన్నాను. ఆమె మళ్ళీ చింతకాయ చేతిలోకి తీసుకుంది.

ఆదివారం పదకొండింటికి ఫోన్ మోగింది. నేను కదల్లేదు. “ఎత్తు,” అంది అవ్వ.

ఎత్తాను. తెరమీద ముగ్గురు కనిపించారు. అందరూ నమస్తే చెప్పారు. అవ్వ వాళ్ళను పట్టించుకోలేదు. “కొడుకా, గిట్ల రా,” అని పిలిచింది. బాపు వచ్చి నిలబడ్డాడు. “కూసో. కుడికాలు సాపు.”

అరవైకి దగ్గరపడిన మనిషి, పిల్లవాడిలా తల్లి ముందు కూర్చుని కాలు చాపాడు. అవ్వ ముందే తెప్పించి పెట్టుకున్నట్టుంది, పక్కన రొట్టెలు కాల్చే పెంకు బోర్లించి ఉంది. దాని అడుగు మసి వేలికి రాసుకుని బాపు అరికాలి నడుమ పెద్ద చుక్క పెట్టింది. పసిపిల్లలకు పెట్టినట్టు. తెరమీది ముగ్గురూ ఏమీ అర్థం కాక చూస్తున్నారు. అవ్వ తొందరపడలేదు. వేలు కొంగుకు తుడుచుకుని, అప్పుడు ఫోన్ వైపు తిరిగింది.

“నా మోకాళ్ళు పోయినంక నేను మందిల కలువలే. గీ పీట చేసినంక మల్ల కలిసిన. గిది నా కొడుకు చేసిండు. మంచిగ చేసిండు. వాని చెయ్యి మంచిది. చిన్నప్పటిసంది మంచిదే. గిసొంటి చెయ్యి నేను యాడ సూడలే.”

వరసగా, ఊపిరి తీసుకోకుండా చెప్పింది, ఎన్నో ఏళ్ళు కంఠతా పట్టి ఉంచుకున్న పాఠంలా. తర్వాత నావైపు చూసి, “సాలా? ఇగ మల్ల అడగకున్రి,” అని రెండుసార్లు తుపుక్కుమని ఊసి, పీట పక్కనున్న ఆకు కర్రను వేలి కణుపుతో తట్టింది.

బాపు తల ఎత్తలేదు. లేచి కొట్టం వైపు వెళ్ళిపోయాడు.

జాబితాలో మా పీట వచ్చింది. అవ్వ తన పీటను పట్నానికి పంపనివ్వలేదు. బాపు అలాంటిదే ఇంకొకటి చేసి బస్సు మీద వేసుకుని వెళ్ళాడు. దాని కింద తెల్ల అట్ట మీద ఆయన పేరు రాసి ఉండగా చూశాను. నా కోరిక తీరింది. కానీ దరఖాస్తు అనగానే నాకు గుర్తొచ్చేది ఆ అట్ట కాదు. ఆ ఆదివారం సాయంత్రం.

మా ఇంట్లో కాళ్ళు కడుక్కోకుండా ఎవరూ అన్నానికి కూర్చోరు. బాపు బయటి నుంచి వచ్చాడు. అమ్మ చెంబు అందించింది. ఆయన ఎడమకాలు శుభ్రంగా కడుక్కున్నాడు. చెంబు తిరిగి అమ్మ చేతిలో పెట్టేశాడు. కుడికాలు నేలకు పూర్తిగా ఆనకుండా, మడమ మీద నడుచుకుంటూ లోపలికి వచ్చి, ఆ కాలు పక్కకు చాపి పళ్ళెం ముందు కూర్చున్నాడు.

“ఇంకో కాలు?” అంది అమ్మ.

అవ్వ ఆ కాలి వైపు చూసింది. చూసి, ముఖం గోడవైపు తిప్పుకుని, “కూరల ఉప్పెక్కువైంది,” అంది.

ఉప్పు సరిగ్గానే ఉంది.